పని లేని ఎడమ కాలు

ఊళ్ళో సిటీ బస్సు ఎక్కేవాళ్ళందరికీ ఆయన తెలుసు. పేరు తెలియదు, పేరుతో పనీ లేదు. "ఎక్కాల డ్రైవరు వెళ్ళిపోయాడా?" అని అడిగితే చాలు, స్టాపులో నిలబడ్డ ఎవరైనా ఇట్టే చెప్తారు. డ్రైవరేమిటి, ఎక్కాలేమిటి అంటారా? గేరు మార్చినప్పుడల్లా ఆ అంకె పైకి అనడం ఆయనకి అలవాటు. "ఒకటి" అంటాడు, బస్సు కదులుతుంది. "రెండు" అంటాడు, కాస్త ఊపందుకుంటుంది. "మూడు" అనబోయేసరికి ఎవడో స్కూటరుతో అడ్డం వస్తాడు. "రెండు, రెండు, నీ దుంపతెగ, ఒకటి!" ముందు సీట్లో తల్లుల ఒళ్ళో కూర్చునే పిల్లలు అంకెలు ఆయన దగ్గరే నేర్చుకుంటారు. నాలుగు దాకా బాగానే వస్తాయి. ఐదో గేరు వేసేంత ఖాళీ ఆ రోడ్ల మీద ఎప్పుడూ దొరకలేదు కాబట్టి ఆ పైన బడిలో నేర్చుకోవాల్సిందే.

ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను. ముందు ఆయన నెత్తిన పడ్డ పిడుగు సంగతి వినండి.

డిపోకి కొత్త బస్సులొచ్చాయి. నీలంగా, నున్నగా, ఇంజను ఆగిందో నడుస్తోందో తెలియనంత మెత్తగా ఉన్నాయి. ఎక్కాల డ్రైవరు ముచ్చటపడి ఒకదాంట్లోకి ఎక్కి చూశాడు. సీటు పక్కన ఉండాల్సిన గేరు రాడ్డు లేదు. కిందికి వంగి చూశాడు. మూడు పెడళ్ళుండాల్సిన చోట రెండే ఉన్నాయి, క్లచ్చు లేదు. గేర్లు బస్సే వేసుకుంటుందట.

"అన్నీ అదే వేసుకుంటే ఇంక నేనెందుకండీ? తోలుకోవడం కూడా దాన్నే తోలుకోమనండి," అన్నాడు.

డిపో మేనేజరు మాటల పొదుపరి. "పాత బండ్లు పోతున్నాయి. కొత్తవాటి మీద పరీక్ష నెగ్గినవాళ్ళు సీట్లో కూర్చుంటారు. నెగ్గనివాళ్ళు గేటు దగ్గర కూర్చుంటారు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

గేటు దగ్గర ఒక కుర్చీ, ఒక గొడుగు, ఒక ఈల ఉంటాయి. బస్సొస్తే దారికి అడ్డంగా ఉండే కర్ర ఎత్తాలి, పోయాక దించాలి. నడుం పట్టేసినవాళ్ళు ఆ కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని కాచుకుని ఉంటారు. ఈయనకి మాత్రం ఆ మాటే గిట్టలేదు. పొద్దున్నే సీటు దులుపుకుని స్టీరింగు మీద చేతులు వేస్తే తప్ప ఆయనకి తెల్లారినట్టుండదు. అలాంటి మనిషి కర్ర ఎత్తి పట్టుకుంటే, దాని కింద నుంచి ఎవడో నిన్న మొన్నటి కుర్రాడు ఆయన రూటు బస్సు తోలుకుపోవాలా? అంతకన్నా ఇంట్లో దుప్పటి ముసుగేసుకుని పడుకోవడం నయం అనుకున్నాడు. రిటైరవడానికి ఇంకా కొన్నేళ్ళుంది. ఆ కొన్నేళ్ళూ సీట్లోనే గడపాలి. ఆయన కోరిక అదొక్కటే.

బస్సుల కంపెనీ నుంచి నేర్పడానికి వచ్చింది ఒక అమ్మాయి. చూస్తే నిన్ననే కాలేజీ వదిలినట్టుంది గానీ, అంత పొడుగు బస్సునీ డిపో ఆవరణలో బొంగరంలా తిప్పి చూపించింది.

"చాలా సులువు బాబాయ్ గారూ. రెండు పెడళ్ళూ కుడి కాలితోనే. ఎడమ కాలికి పని లేదు."

"పని లేని కాలు ఎక్కడ పెట్టుకోవాలమ్మా?"

"ఊరికే అలా ఉంచండి."

"ఊరికే ఉండమంటే ఉండే కాలు కాదమ్మా ఇది," అన్నాడు దిగులుగా.

ఆ మాట నూటికి నూరు పాళ్ళు నిజమైంది. పరీక్ష రోజున ఖాళీ బస్సు తోలితే లెక్కలోకి రాదు, సీట్లలో మనుషులుండాలని రూలు. డిపోలో తీరిగ్గా దొరికినవాళ్ళందరినీ ఎక్కించారు. క్యాషియరు గారు టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. షెడ్డు ఫోర్‌మెను వెనకెక్కడో కాళ్ళు బారచాపాడు. బస్సు మెత్తగా కదిలింది. "ఒకటి" అన్నాడు ఎక్కాల డ్రైవరు. కాస్త వేగం పుంజుకోగానే "రెండు" అన్నాడు.

ఆ "రెండు"తోనే వచ్చింది చావు. ఇన్నేళ్ళుగా నోరు "రెండు" అనగానే ఎడమ చెయ్యి రాడ్డు మీదికీ ఎడమ కాలు క్లచ్చు మీదికీ వెళ్ళడం నేర్చుకున్నాయి. చెయ్యి గాల్లో వెతుక్కుంది. కాలికి క్లచ్చు దొరకలేదు గానీ, ఆ పక్కనే వెడల్పాటి బ్రేకు దొరికింది. బ్రేకుని నెమ్మదిగా నొక్కాలని కుడి కాలికి తెలుసు, ఎడమ కాలికి తెలియదు. అది క్లచ్చు తొక్కినట్టే అడుగంటా తొక్కేసింది. టిఫిను డబ్బా క్యాషియరు గారికన్నా ముందు అద్దం దగ్గరికి చేరింది, ఆయన దాని వెనకే వెళ్ళాడు. ఫోర్‌మెను చివరి సీటు నుంచి నడిమి సీటుకి టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేశాడు.

"కాలు బాబాయ్ గారూ, కాలు!" అంది అమ్మాయి, స్తంభాన్ని వాటేసుకుని.

"అయ్యో, తప్పయిపోయిందమ్మా," అని మళ్ళీ కదిలించాడు. "ఒకటి... రెండు." మళ్ళీ అదే కథ. మూడోసారికి లోపలున్నవాళ్ళంతా తలుపు దగ్గరికి చేరి ఆపమని గోల పెట్టారు. "నేను చావాలనుకుంటే ఇంతకన్నా సుఖమైన దారులున్నాయి," అంటూ ఫోర్‌మెను దిగిపోయాడు.

అమ్మాయి మంచిది. ఇంకొక్కసారి పరీక్ష పెడతానంది. కానీ చిక్కేమిటంటే, ఆయన తోలే బస్సులో కూర్చోవడానికి డిపోలో ఒక్క ప్రాణీ ఒప్పుకోలేదు. క్యాషియరు గారైతే నుదుటి మీద బొప్పి చూపించి దండం పెట్టేశాడు.

"సీట్లలో మనుషుల్ని మీరే తెచ్చుకోవాలి బాబాయ్ గారూ. ఎవరైనా సరే. కానీ ఇదే ఆఖరుసారి, నా చేతిలో కూడా ఇంకేం లేదు," అంది.

ఇంట్లో ఆయన కుర్చీలో కూర్చుని, ఎదురుగా రెండు చెప్పులు పెడళ్ళలా పెట్టుకుని సాధన మొదలుపెట్టాడు. కుడి కాలు బుద్ధిగా ఉంది. నోరు "రెండు" అనడం ఆలస్యం, ఎడమ కాలు లేచి చెప్పుని చితక్కొడుతోంది. అది ఆయన భార్య చెప్పు. ఆవిడ వంటగదిలోంచి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూసింది.

"ఏవండీ, ఆ కాలితో మీకు పడనప్పుడు దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్ళండి. నేను చూసుకుంటాను."

"నీకు నవ్వులాటగా ఉందే!"

ఆవిడ ఒక తువ్వాలు తెచ్చి ఆయన ఎడమ కాలిని కుర్చీ కోడుకి కట్టేసింది. ఉపాయం బ్రహ్మాండంగా పనిచేసింది. సరిగ్గా అప్పుడే గ్యాసు సిలిండరు అబ్బాయి తలుపు కొట్టాడు, ఈయన "వస్తున్నా" అని లేచాడు, కుర్చీ కూడా లేచింది. ఇద్దరూ కలిసి నేల మీద పడ్డ చప్పుడికి పక్కింటావిడ కూడా వచ్చింది.

కిందపడ్డవాడు వెంటనే లేవలేదు. అలాగే కూర్చుని, "గేటు దగ్గర కూర్చోబెడతారే నన్ను. ఈల ఊదుకోమంటారు," అన్నాడు. ఆవిడ నవ్వు ఆగిపోయింది. పక్కన చతికిలబడి తువ్వాలు ముడి విప్పుతూ, "మీ బస్సెక్కే పిచ్చివాళ్ళు ఈ ఊళ్ళో ముగ్గురే ఉన్నారు. వాళ్ళని పిలవండి," అంది.

ఆ ముగ్గురి సంగతి చెప్పాలంటే మొదటి కారు సంగతి చెప్పాలి.

అప్పటికి మన డ్రైవరుతో కలిపి నలుగురికీ మీసాలు వచ్చీ రాని వయసు. నలుగురిలో ఒకడికి ఫోటో స్టూడియో నడిపే మేనమామ ఉండేవాడు. ఆయన ఒకప్పుడు మోజుపడి కొన్న కారు, మోజు తీరాక స్టూడియో వెనక రేకుల షెడ్డులో పడి ఉండేది. ముందు సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టేవి, వెనక సీట్లో పొదిగేవి. "కదిలించగలిగితే తీసుకుపోండ్రా, కోళ్ళకి వేరే ఇల్లు చూసుకుంటాను," అన్నాడు మేనమామ. నలుగురూ కలిసి ఈకలు దులిపి, దాన్ని మెకానిక్కు దగ్గరికి తోసుకుపోయారు.

అన్నీ బాగుపడ్డాయి గానీ క్లచ్చు పెడలు మొదలుకంటా విరిగిపోయి ఉంది. ఆ కారు తయారీ ఎప్పుడో ఆగిపోయింది, విడిభాగం దొరకదు. మెకానిక్కు చాలాసేపు గడ్డం గీరుకుని, క్లచ్చుకి ఒక తాడు కట్టి, డాష్‌బోర్డు కిందనుంచి పైకి తీసి, చివర పాత బీరువా పిడి ఒకటి బిగించాడు. పిడి పట్టుకుని లాగితే క్లచ్చు తొక్కినట్టు. వదిలితే వదిలినట్టు. బాగానే ఉంది గానీ ఆ పిడి ఎక్కడికొచ్చిందీ? డ్రైవరు పక్క సీటు ముందుకి. డ్రైవరుకి అందదు.

ఇంక ఆ కారు ఒక్కడు నడిపేది కాదు. అందుకని పని పంచుకున్నారు. స్టీరింగు మనవాడికిచ్చారు, ఎందుకంటే నలుగురిలోకీ ట్రాక్టరు మీద కూర్చున్న అనుభవం అతనొక్కడికే ఉంది. ఆ ట్రాక్టరు అప్పుడు ఆగి ఉందనుకోండి, అది వేరే విషయం. పక్క సీట్లో మేనమామగారి మేనల్లుడు కూర్చున్నాడు. ఎడమ చేత్తో తాడు లాగడం, కుడి చేత్తో గేరు వెయ్యడం అతని పని. ఆ రోజు నుంచి అతని పేరు గేరోడు. కారుకి హారను లేదు. ఆ లోటు తీర్చడానికి వెనక కిటికీ దగ్గర ఒక గొంతున్నవాణ్ణి కూర్చోబెట్టారు, అతను హారనుగాడు. "తప్పుకోండోయ్!" అన్నాడంటే పక్క వీధిలోవాళ్ళు కూడా తప్పుకునేవారు. నాలుగోవాడు మంగలి షాపువాళ్ళ అబ్బాయి. ఇంజను కుతకుతలాడినప్పుడల్లా దూకి రేడియేటరులో నీళ్ళు పొయ్యడం అతని ఉద్యోగం కాబట్టి నీళ్ళోడయ్యాడు.

ఇలా నలుగురూ కలిస్తే ఒక డ్రైవరు. మనవాడు "ఒకటి" అనేవాడు, గేరోడు లాగి వేసేవాడు. "రెండు" అనేవాడు, వేసేవాడు. మొదట్లో మనవాడి ఎడమ కాలు ఖాళీగా ఉండలేక అటూ ఇటూ తిరిగి, కిందనుంచి పోయే తాడుకి అడ్డం పడేది. గేరోడికి ముక్కు మీద కోపం. "ఒరేయ్, క్లచ్చు నాది. నీ కాలు నా తాడు జోలికొచ్చిందంటే విరగ్గొడతాను. సీటు కిందకి ముడుచుకో!" అని మోకాలి మీద ఒకటి వేసేవాడు. అలా వేయగా వేయగా ఆ కాలు సీటు కింద ముడుచుకుని కూర్చోవడం నేర్చుకుంది.

గేరోడి కోపం మాట అలా ఉంచండి, అలక ఇంకా ఘోరం. ఒకసారి సోడా షాపు దగ్గర తనకి గోలీసోడా ఇప్పించలేదని అలిగాడు. అలిగినవాడు దిగిపోవాలి కదా, దిగలేదు. పిడి వదిలేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కారు అప్పటికి ఒకటో గేరులో ఉంది. మనవాడు "రెండు" అన్నాడు. ఉలకలేదు. "రెండురా నాయనా" అన్నాడు. పలకలేదు. ఊరంతా ఒకటో గేరులోనే, ఇంజను గావుకేకలు పెడుతుంటే, సైకిలు వాళ్ళు దాటిపోతూ పలకరిస్తుంటే ఇల్లు చేరారు. ఆ రోజు హారనుగాడికి పని తగలలేదు.

ఇంతకూ అసలు ఘనకార్యం ఐసు ఫ్యాక్టరీ లారీతో పందెం. ఆ లారీ డ్రైవరు వీళ్ళని చూసినప్పుడల్లా "ఏమర్రా, ఇవాళ ఎన్ని గుడ్లు పెట్టింది?" అని వేళాకోళం చేసేవాడు. కుర్రాళ్ళకి కడుపు రగిలిపోయింది. నీళ్ళ ట్యాంకు మెట్ట మీద నుంచి దిగే రోడ్డులో ఆ లారీని దాటాలని శపథం పట్టారు.

"ఇవాళ వాణ్ణి దాటకపోతే మీసం తీయించుకుంటాను," అన్నాడు మనవాడు.

"ముందు మొలవనీ, నేనే ఊరికే తీస్తాను," అన్నాడు వెనకనుంచి నీళ్ళోడు.

లారీ ముందు, కారు వెనక. పల్లంలో పడ్డాక కారుకి రెక్కలొచ్చాయి. తలుపులు టపటపా కొట్టుకుంటున్నాయి, హారనుగాడు కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ అరుస్తున్నాడు, లారీ తోక దగ్గరికొచ్చేసింది. ఇంకొక్క ఊపు, అంతే. "నాలుగు!" అని అరిచాడు మనవాడు. గేరోడు తాడు లాగాడు, రాడ్డు కదిపాడు, తాడు వదిలాడు. వేసింది రెండు. కారు కెవ్వుమని కేకపెట్టి, ముక్కు నేలకి వంచి, నత్తలా తయారైంది. లారీ వెళ్ళిపోయింది. మనవాడు నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. వాటిల్లో చాలావరకూ ఇక్కడ చెప్పలేను.

మలుపు తిరిగాక అసలు సంగతి కనబడింది. నీళ్ళ పైపు కోసం సగం రోడ్డు తవ్వేసి ఉంది. ఆ మట్టి కుప్ప వెనక రోడ్డు మీదే పనివాళ్ళు టీ తాగుతూ కూర్చున్నారు. లారీ వాళ్ళకి బెత్తెడు దూరంలో ఆగింది గానీ, దాని మీద ఐసు దిమ్మలు ఆగలేదు. జారిపడి రోడ్డంతా ముక్కలై పరుచుకున్నాయి. కారు నింపాదిగా వచ్చి వాటి ఇవతల ఆగింది. రెండో గేరులో ఉంది కాబట్టి ఆగింది. నాలుగులో ఉంటే ఏమయ్యేదో నలుగురికీ తెలుసు. పనివాళ్ళు మాత్రం లారీ డ్రైవరుని తిడుతూనే టీ గ్లాసులు పక్కన పెట్టి ఐసు ముక్కలు నీళ్ళలో వేసుకున్నారు.

మనవాడు గేరోడి వైపు తిరిగాడు. "నేను నాలుగన్నాను కదరా?"

"నువ్వన్నది నాలుగే. కావల్సింది రెండు," అన్నాడు గేరోడు. వాడి సీట్లోంచి మలుపు కింద కర్రకి కట్టిన ఎర్రగుడ్డ కనబడిందట.

కబురు వాళ్ళకన్నా ముందే ఇళ్ళకి చేరింది. ఎవరింట్లో వాళ్ళకి తగిన మర్యాదలు జరిగాయి. కారు మళ్ళీ రేకుల షెడ్డుకి వెళ్ళిపోయింది, కోళ్ళు తమ ఇంటికి తాము తిరిగొచ్చాయి.

తరవాత మనవాడు మామూలు బండి మీద లైసెన్సు పరీక్షకి వెళ్ళాడు. బండి కదిలాక, పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టరుతో అలవాటుగా, "రెండు వెయ్యరా," అన్నాడు. "ఎవడ్రా నీకు రా?" అని ఇన్‌స్పెక్టరు అక్కడికక్కడే దింపేశాడు. అప్పటినుంచీ తన నోటితో తానే చెప్పి, తన చేత్తో తానే వేసుకోవడం నేర్చుకున్నాడు. ముడుచుకోవడం మరిగిన కాలిని బయటికి లాగి క్లచ్చు తొక్కించడానికి అంతకంత తంటాలు పడ్డాడు. కాలు మారింది గానీ నోరు మారలేదు. అదండీ ఎక్కాల కథ.

హారనుగాడి చెల్లెల్ని మనవాడు పెళ్ళి చేసుకోవడంతో ఇద్దరూ బావాబావమరుదులయ్యారు. నీళ్ళోడు తండ్రి షాపులోనే కత్తెర పట్టాడు. గేరోడు టైలరయ్యాడు. ఒకప్పుడు ఊళ్ళో పెద్దమనుషులంతా అతని చేతి చొక్కాలే తొడుక్కునేవారు. ఇప్పుడు కళ్ళు మసకలు, సూదిలో దారం ఎక్కదు. షాపు కోడలు చూసుకుంటోంది. చాలా మంచి పిల్ల, "మామయ్యా, మీరు కూర్చోండి, నేను చూసుకుంటాను కదా," అంటుంది. ఆ కూర్చోండి అన్న మాటే అతనికి పడదు. గుండీలు రంగుల వారీగా ఏరుతూ, ఏరినవి మళ్ళీ కలిపేసి ఏరుతూ కూర్చుంటాడు.

ఎక్కాల డ్రైవరు వెళ్ళేసరికి అదే పనిలో ఉన్నాడు. డ్రైవరు సంగతంతా చెప్పి, "నువ్వు రావాలిరా," అన్నాడు.

"నాకు తీరికేదీ? ఇక్కడ ఇంత పని!" అన్నాడు గేరోడు, గుండీల డబ్బా దగ్గరికి లాక్కుని.

"రాకపోతే నన్ను గేటు దగ్గర కూర్చోబెడతారు."

గేరోడి చెయ్యి డబ్బాలో ఆగిపోయింది. కూర్చోబెట్టడమంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. డబ్బాకి మూత పెట్టి, "ఇస్త్రీ చొక్కా వేసుకుని రానా, మామూలుదా?" అని అడిగాడు.

పరీక్ష రోజున ముగ్గురూ వచ్చారు. హారను బావమరిది వెనక కిటికీ పట్టుకున్నాడు. నీళ్ళోడు ఎందుకైనా మంచిదని ఒక పెద్ద నీళ్ళ సీసా తెచ్చుకున్నాడు. గేరోడు ఎవరినీ అడక్కుండా డ్రైవరు పక్కనున్న ముందు సీట్లో కూర్చుని చొక్కా చేతులు మడిచాడు. అమ్మాయి ముగ్గురినీ చూసి, "గట్టిగా పట్టుకోండి బాబాయిలూ," అంది. "వీడితో మాకు కొత్తేం కాదులేమ్మా," అన్నాడు నీళ్ళోడు.

బస్సు గేటు దాటింది. గేటు కుర్చీ వంక ఎక్కాల డ్రైవరు చూడలేదు. "ఒకటి," అన్నాడు. వేగం పెరిగింది, "రెండు" నాలుక చివరికొచ్చింది, ఎడమ కాలు లేచింది.

"ఒరేయ్! కాలు!" అని గర్జించాడు గేరోడు. "క్లచ్చు నాది. నా తాడు జోలికొస్తే విరగ్గొడతాను. ముడుచుకో!"

అంతే. ఎన్నో ఏళ్ళ కిందటి దెబ్బలు జ్ఞాపకం వచ్చినట్టు, ఆ కాలు గబుక్కున వెనక్కి పోయి సీటు కింద ముడుచుకుంది. డ్రైవరు ఎడమ చెయ్యి కూడా స్టీరింగు మీదికి తిరిగొచ్చింది. "రెండు," అన్నాడు ఈసారి నిబ్బరంగా. గేరోడు ఎడమ చేత్తో లేని పిడి లాగి, కుడి చేత్తో లేని రాడ్డు వేశాడు. బస్సు మెత్తగా రెండులోకి వెళ్ళింది. "మూడు." గేరోడి చెయ్యి కదిలింది, మూడు పడింది. వెనకనుంచి హారను బావమరిది ఉండబట్టలేక "తప్పుకోండోయ్!" అని ఒక కేక పెట్టాడు. సందు చివర కుక్క లేచి పరిగెత్తింది. చింత చచ్చినా పులుపు చావలేదు మరి.

నీళ్ళ ట్యాంకు మెట్ట ఎక్కుతుంటే డ్రైవరు "మూడే, మూడే" అంటున్నాడు. బస్సు ఒకసారి మూలిగి తనంతట తాను రెండుకి దిగింది. డ్రైవరుకి ఒళ్ళు మండింది.

"నేను మూడన్నాను కదరా!"

"ఎదర చూసుకో!" అన్నాడు గేరోడు.

మెట్ట మలుపులో ఒక ముసలావిడ తోపుడు బండి తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. కుడి కాలు నెమ్మదిగా బ్రేకు మీద వాలింది. బస్సు నిద్రపోతున్న పిల్లల్ని లేపనంత మెత్తగా ఆగింది. నీళ్ళోడి సీసాలో నీళ్ళు కూడా తొణకలేదు. డ్రైవరు పక్కకి చూశాడు. గేరోడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు గానీ మీసాల్లో నవ్వు దాగలేదు.

డిపోకి తిరిగొచ్చాక అమ్మాయి, "నెగ్గారు బాబాయ్ గారూ," అంది. ఆయన కళ్ళు తుడుచుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, గేర్లు బస్సే వేసుకుంటుందని వాడితో అనకమ్మా. ఇంట్లో వాడికి చెయ్యడానికి ఏ పనీ లేదు. తనే వేశాననుకుంటున్నాడు, అనుకోనీ."

అమ్మాయి సరేనంది. ఆయన ముందుకెళ్ళాక గేరోడు మెట్లు దిగుతూ ఆమె దగ్గర ఆగాడు.

"అమ్మాయ్, ఇందులో గేర్లు వెయ్యక్కర్లేదని నాకు తెలుసు. వాడితో మాత్రం అనకు. నేను వేస్తున్నాననుకుంటేనే వాడి కాలు కుదురుగా ఉంటుంది. పిచ్చి సన్నాసి."

అమ్మాయి మాట నిలబెట్టుకుంది. ఆ ఇద్దరితోనూ ఇప్పటిదాకా అనలేదు, మనతో తప్ప.

కొత్త బస్సు రూటెక్కిన మొదటి పొద్దున గేరోడు ఇస్త్రీ చొక్కాతో స్టాపులో అందరికన్నా ముందున్నాడు. ఎక్కి తన సీట్లో కూర్చుని చేతులు మడిచాడు. కొత్తగా చేరిన కండక్టరు కుర్రాడు వచ్చి, "టికెట్టు, తాతా," అన్నాడు.

గేరోడు అతన్ని ఎగాదిగా చూశాడు. "డ్యూటీలో ఉన్నవాణ్ణి టికెట్టు అడుగుతావేమయ్యా?"

కండక్టరు అయోమయంగా డ్రైవరు వంక చూశాడు. డ్రైవరు అద్దంలోంచి వద్దన్నట్టు తల ఊపి, ఎడమ కాలు సీటు కిందకి ముడుచుకున్నాడు.

"ఒకటి వెయ్యరా," అన్నాడు.